తోడు దొరికితేనే వయసు చెప్పే చుక్కలు

కిందటి ఏడాది డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థులకు ట్రాపిస్ట్-1 నక్షత్రం గురించి పాఠం చెబుతున్నాను. మనకు సుమారు 40 కాంతి సంవత్సరాల దూరంలో ఏడు గ్రహాలను చుట్టూ తిప్పుకుంటున్న చిన్న ఎర్రని చుక్క అది. ముందు బెంచీలో కూర్చున్న ఒక అమ్మాయి లేచి, "దాని వయసెంత మేడమ్?" అని అడిగింది. 540 కోట్ల సంవత్సరాలకూ 980 కోట్ల సంవత్సరాలకూ మధ్య ఎక్కడో ఉంటుందని శాస్త్రవేత్తలు అంచనా వేశారని చెప్పాను. ఆ అమ్మాయి కూర్చోలేదు. "సూర్యుడి వయసు 457 కోట్ల ఏళ్ళని అంత కచ్చితంగా చెబుతారు కదా, దీనికి మాత్రం అంత తేడా ఎందుకు?" అని మళ్ళీ అడిగింది.

అప్పటికి తోచిన జవాబేదో చెప్పాను గానీ, అసలు జవాబు ఇంటికి వెళ్ళే దారిలో స్ఫురించింది. సూర్యుడి వయసును మనం సూర్యుడిని చూసి కనుక్కోలేదు. సూర్యుడితోపాటు ఒకే వాయుమేఘం నుంచి పుట్టి, భూమి మీద వచ్చి పడిన ఉల్కాశిలల్లోని యురేనియం, సీసం పాళ్ళను కొలిచి కనుక్కున్నాం. అంటే సూర్యుడి పుట్టినతేదీ సూర్యుడి దగ్గర కాక, దానితో కలిసి పుట్టినవాటి దగ్గర దొరికింది. మా నాయనమ్మ పుట్టినరోజును ఎవరూ రాసిపెట్టలేదు. కానీ పక్కింట్లో ఆమె కన్నా పది రోజులు ముందు పుట్టిన స్నేహితురాలికి వాళ్ళ నాన్న జాతకం రాయించాడు కనుక, ఆ జాతకాన్ని బట్టే మా నాయనమ్మ వయసు మా అందరికీ తెలిసింది. ట్రాపిస్ట్-1కు అలాంటి పక్కింటి స్నేహితురాలు మనకు తెలియదు. దాని గ్రహాల నుంచి రాలిన రాయి ఏదీ మన చేతికి రాదు.

ఈ వ్యాసంలో నేను వాదించదలచినది ఇదే. అతిశీతల మరుగుజ్జు నక్షత్రాలను ఎన్ని వేలు పోగుచేసినా, వాటిలో మరొక మామూలు నక్షత్రానికి దూరపు తోడుగా తిరుగుతున్నవాటిని పట్టుకోకపోతే ఆ పోగు మనకు చెప్పేది చాలా తక్కువ. అలాంటి దూరపు జంటలను వెతకడం తీరికవేళల్లో చేసే జాబితాపని అని కొందరు అనుకుంటారు. చల్లని నక్షత్రాల గురించిన మన జ్ఞానమంతా నిలబడి ఉన్నది ఆ పని మీదేనని నేను నమ్ముతున్నాను.

అతిశీతలం అన్న మాటను కాస్త వివరించాలి. ఉపరితల ఉష్ణోగ్రత సుమారు 2,700 కెల్విన్ కన్నా తక్కువగా ఉన్న మరుగుజ్జులను ఈ పేరుతో పిలుస్తారు. వర్ణపటాన్ని బట్టి చేసే వర్గీకరణలో ఎం-7 నుంచి మొదలై ఎల్, టి, వై తరగతుల దాకా ఇవి వస్తాయి. వీటిలో కొన్ని నిజమైన నక్షత్రాలే, కానీ చాలా వాటికి హైడ్రోజన్‌ను నిలకడగా మండించుకునేంత బరువు లేదు. ఆ హద్దు సూర్యుడి బరువులో దాదాపు 7.5 శాతం దగ్గర, అంటే గురుగ్రహానికి 75 నుంచి 80 రెట్ల దగ్గర ఉంటుంది. అంతకన్నా తేలికైన గోళం ఎలా ఉంటుందో భారతదేశంలో పుట్టి అమెరికాలో పనిచేసిన శివ్ కుమార్ 1960ల మొదట్లోనే లెక్కగట్టారు. వాటికి బ్రౌన్ డ్వార్ఫ్ అన్న పేరును జిల్ టార్టర్ 1975లో పెట్టారు. తెలుగులో దాన్ని గోధుమ మరుగుజ్జు అని రాస్తున్నారు గానీ, ఆ మాట వినగానే నాకు గోధుమలే కళ్ళ ముందు మెదులుతాయి కనుక బ్రౌన్ డ్వార్ఫ్ అనే ఉంచుతాను. నిజానికి వాటి రంగు గోధుమ రంగూ కాదు, కంటికి కనిపించగలిగితే మసకబారిన ఎరుపులాగా ఉంటుంది.

మామూలు నక్షత్రం హైడ్రోజన్‌ను మండిస్తున్నంత కాలం ఇంచుమించు ఒకే వేడితో, ఒకే వెలుగుతో ఉంటుంది కనుక, దాని వెలుగును బట్టి దాని బరువు చెప్పవచ్చు. బ్రౌన్ డ్వార్ఫ్ అలా కాదు. పుట్టినప్పుడు ఉన్న వేడిని కోల్పోతూ జీవితకాలమంతా చల్లబడుతూనే ఉంటుంది. ఉదాహరణకు 2,000 కెల్విన్ వేడి ఉన్న ఒక గోళాన్ని తీసుకుందాం. అది హద్దుకు కాస్త పైన ఉండి వందల కోట్ల ఏళ్ళుగా వెలుగుతున్న ముసలి నక్షత్రం కావచ్చు, కొన్ని పదుల కోట్ల ఏళ్ళ వయసున్న, గురుగ్రహానికి నలభై యాభై రెట్ల బరువున్న బ్రౌన్ డ్వార్ఫ్ కావచ్చు, కోటి రెండు కోట్ల ఏళ్ళ పసితనంలో ఉన్న, గురుగ్రహానికి పదింతల బరువు మాత్రమే ఉన్న గోళమూ కావచ్చు. నివురు గప్పిన కుంపటి మీద చెయ్యి పెట్టి చూసి, రాత్రి నిండుగా పోసిన బొగ్గులు తెల్లవారేసరికి ఇంత మిగిలాయా, లేక నాలుగు బొగ్గులు ఇప్పుడే రాజేశారా అన్నది చెప్పలేనట్టే, వేడి ఒక్కటే చూసి ఈ గోళం ఏమిటో చెప్పలేం. వర్ణపటంలోని గీతల బలాన్ని బట్టి గురుత్వాన్ని అంచనా వేసి మరీ పసివాటిని వేరుచేయవచ్చు గానీ, కొన్ని పదుల కోట్ల ఏళ్ళు దాటినవాటి దగ్గర ఆ ఉపాయం పెద్దగా పనిచేయదు. ట్రాపిస్ట్-1 ఆ హద్దుకు పైనున్న నిజమైన నక్షత్రమే. అయినా అంత చిన్న నక్షత్రం వందల కోట్ల ఏళ్ళు గడిచినా పెద్దగా మారదు కనుక, దాని వయసూ దాని ముఖం మీద రాసి ఉండదు.

ఇక్కడే జంట విలువ తెలుస్తుంది. ఒకే కాన్పులో పుట్టిన రెండు నక్షత్రాల్లో ఒకటి సూర్యుడిలాంటిదో, అంతకన్నా కాస్త చిన్నదో అయితే, దాని దూరాన్ని కొలవవచ్చు, దానిలో ఇనుము వంటి మూలకాల పాళ్ళను వర్ణపటం నుంచి చదవవచ్చు, అది తన చుట్టూ తాను తిరిగే వేగాన్ని బట్టీ ఉపరితలం మీది అలజడిని బట్టీ వయసును అంచనా వేయవచ్చు. పక్కనున్న చల్లని గోళానికి కూడా అవే వర్తిస్తాయి. మనకు తెలియని వయసు, దూరం, ద్రవ్యం పాళ్ళు మూడూ ఒక్కసారిగా చేతికి వస్తాయి. బంగారాన్ని గీసి చూసే గీటురాయిలాగా, మిగతా ఒంటరి గోళాలను, అవి చల్లబడే తీరు గురించి కట్టిన సిద్ధాంతాలను ఇలాంటి జంటల మీదే గీసి చూస్తారు. రెండింటి మధ్య ఎడం ఎక్కువగా ఉంటే మరొక మేలుంది. పెద్దదాని మిరుమిట్లలో చిన్నది కొట్టుకుపోదు కనుక, చిన్నదాని వెలుగును విడిగా పట్టి వర్ణపటం తీయవచ్చు.

ఈ వెతుకులాటకు దారి చూపినవాడు బెల్జియంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన జార్జ్ వాన్ బీస్‌బ్రూక్. ఆకాశంలో వేగంగా కదిలే నక్షత్రాలు సాధారణంగా మనకు దగ్గరివి. అలాంటి ఒక్కొక్క నక్షత్రం చుట్టూ ఉన్న మసక చుక్కల్లో, దానితోపాటే అదే దిక్కుకు అదే వేగంతో కదులుతున్నది ఏదైనా ఉందా అని ఆయన టెక్సాస్‌లోని మెక్‌డొనాల్డ్ పరిశోధనశాలలో 82 అంగుళాల దూరదర్శినితో తీసిన ఫోటోల్లో వెతికారు. 1944లో, మన శ్రవణా నక్షత్రం ఉన్న గరుడ రాశిలోనే, గ్లీజె 752 అనే ఎర్ర నక్షత్రానికి 74 ఆర్క్ సెకన్ల ఎడంలో అలాంటి తోడు దొరికింది. డిగ్రీలో 3,600వ వంతును ఆర్క్ సెకను అంటారు. ఆ జంట ఏడాదికి దాదాపు ఒకటిన్నర ఆర్క్ సెకన్లు కలిసి కదులుతోంది. వి.బి. 10 అనే పేరుతో తెలిసిన ఆ తోడు చాలా ఏళ్ళ పాటు మనకు తెలిసిన నక్షత్రాలన్నింటిలోకీ మసకైనది. ఆయన కనుక్కున్న మరొక తోడు వి.బి. 8ని, ఈ వి.బి. 10ని ఇవాళ్టికీ ఎం-7, ఎం-8 తరగతులకు నమూనాలుగా వాడుతున్నారు. అతిశీతల మరుగుజ్జుల కథకు తొలి పుటలు ఒంటరి నక్షత్రాలు రాసినవి కావు, దూరపు జంటలు రాసినవి.

తరువాతి పుటలు కూడా అంతే. 1988లో బెక్లిన్, జకర్మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు జీడీ 165 అనే శ్వేత కుబ్జ తార (ఇంధనం అయిపోయి చల్లబడుతున్న చిన్న నక్షత్రశేషం) పక్కన, 4 ఆర్క్ సెకన్ల ఎడంలో, అంతవరకూ ఎవరూ చూడని రకం వర్ణపటం ఉన్న ఒక చుక్కను పట్టుకున్నారు. దాన్ని ఏ తరగతిలో పెట్టాలో తెలియక పదేళ్ళు గడిచాయి. అలాంటివి ఆకాశమంతటా బయటపడ్డాక 1999లో దాని కోసమే అన్నట్టు ఎల్ అనే కొత్త తరగతిని ఏర్పాటు చేయవలసి వచ్చింది. టి తరగతికి మూలపురుషుడైన గ్లీజె 229 బి కూడా ఒక ఎర్ర నక్షత్రానికి తోడుగానే దొరికింది. ఈ చివరిదాని కథను కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే నా వాదనకంతటికీ అదే ఆయువుపట్టు.

1994 అక్టోబరులో కాలిఫోర్నియాలోని పాలోమార్ కొండ మీద 60 అంగుళాల దూరదర్శినితో తీసిన బొమ్మలో, గ్లీజె 229 పక్కన దాదాపు 8 ఆర్క్ సెకన్ల ఎడంలో ఒక మసక చుక్క కనిపించింది. దాన్ని కనుక్కున్నవాళ్ళు వెంటనే ప్రకటించలేదు. అది వెనకాల ఎక్కడో దూరాన ఉన్న నక్షత్రం కాదని, నిజంగానే తోడుగా కదులుతోందని రూఢి చేసుకోవడానికి దాదాపు ఏడాది ఆగారు. 1995 అక్టోబరులో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో జరిగిన సదస్సులో ప్రకటించారు. సూర్యుడిలాంటి నక్షత్రం చుట్టూ తిరిగే మొదటి గ్రహాన్ని ప్రకటించిందీ ఆ సదస్సులోనే. గ్లీజె 229 బి వర్ణపటంలో మీథేన్ వాయువు కనిపించింది. నక్షత్రమన్నది ఏదీ మీథేన్ నిలిచేంత చల్లగా ఉండదు కనుక, అది బ్రౌన్ డ్వార్ఫ్ అన్న విషయంలో ఎవరికీ అనుమానం మిగలలేదు.

పాతికేళ్ళ తరువాత దీనికే ఒక చిక్కు వచ్చింది. ఈ జంట మరీ దూరపు జంట కాదు, మధ్య ఎడం కొన్ని పదుల ఖగోళ ప్రమాణాలే, అంటే సూర్యుడికీ భూమికీ నడుమ ఉన్న దూరానికి కొన్ని పదుల రెట్లే. అందువల్ల తోడు గుంజుతున్నప్పుడు పెద్ద నక్షత్రం ఎంత ఊగుతోందో కొలవడం వీలైంది. ఆ కొలతను బట్టి తోడు బరువు గురుగ్రహానికి 71 రెట్లని 2021లో తేలింది. అంత బరువున్న బ్రౌన్ డ్వార్ఫ్, పెద్ద నక్షత్రానికి ఉన్న వయసులో అంత మసకగా ఉండకూడదు. సిద్ధాంతమైనా తప్పు కావాలి, చుక్క అయినా ఒకటి కాకుండా ఉండాలి. 2024లో చిలీలోని పెద్ద దూరదర్శినులతో చూసినప్పుడు అక్కడ ఉన్నవి రెండు గోళాలని, గురుగ్రహానికి 38 రెట్లు, 34 రెట్లు బరువుతో 12 రోజులకు ఒకసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయని తెలిసింది. ముప్పై ఏళ్ళుగా పాఠ్యపుస్తకాలు మొదటి మీథేన్ మరుగుజ్జు అని బొమ్మ వేసి చూపిస్తున్న చుక్క రెండు చుక్కలన్నమాట.

పక్కన గ్లీజె 229 అనే నక్షత్రమే లేకపోతే ఏం జరిగేదో ఆలోచించండి. బరువు కొలిచే దారి ఉండేది కాదు, వయసు తెలిసేది కాదు. దాని వెలుగు చూసి, తేలికైన ఒంటరి బ్రౌన్ డ్వార్ఫ్ అని ఒక పట్టికలో రాసి ముందుకు వెళ్ళిపోయేవాళ్ళం, ఆ రాత మీద ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. ఒంటరి గోళం విషయంలో సిద్ధాంతం ఎప్పుడూ ఓడిపోదు, ఎందుకంటే ఓడించేందుకు అక్కడ రెండో సాక్షి లేడు. సరిపోని వయసును మార్చుకుంటే బరువు సరిపోతుంది, సరిపోని బరువును మార్చుకుంటే వయసు సరిపోతుంది. తోడు ఉన్నప్పుడే ఆ సర్దుబాటు కుదరదు. అందుకే పట్టికలో పదివేల ఒంటరి బ్రౌన్ డ్వార్ఫ్‌లు చేరడం కన్నా, వంద మంచి జంటలు చేరడమే ఎక్కువని నేను అంటాను.

గ్లీజె 229 గురించి చదువుతున్నప్పుడు దాని నిర్దేశాంకాల మీద నా చూపు ఆగింది. ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా దాదాపు 22 డిగ్రీలు. ఆ అంకె హైదరాబాదు వాళ్ళకు పరిచయమైనది కావాలి. ఆకాశమంతటినీ గాజు పలకల మీద ఫోటో తీసి నక్షత్రాల స్థానాలను కొలవాలన్న అంతర్జాతీయ పథకంలో, దక్షిణంగా 17 డిగ్రీల నుంచి 23 డిగ్రీల వరకు ఉన్న పట్టీని మొదట చిలీలోని శాంటియాగోకు కేటాయించారు. అక్కడ ఆ పని సాగకపోవడంతో అది మన నిజామియా పరిశోధనశాలకు వచ్చింది. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో బేగంపేటలో 8 అంగుళాల ఫోటో దూరదర్శినితో పలకలు తీసి, సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్క చుక్కనూ కొలిచి, 7,63,000కు పైగా నక్షత్రాల స్థానాలను 12 సంపుటాలుగా అచ్చువేశారు. గ్లీజె 229 ఆ పట్టీలో ఉంది. 2000 సంవత్సరంలో మరొక ప్రసిద్ధమైన టి తరగతి తోడు దొరికిన గ్లీజె 570 కూడా, దక్షిణంగా 21 డిగ్రీల పైచిలుకు దగ్గర, తులా రాశిలో, అదే పట్టీలో ఉంది. ఆ తోడులను చూసే శక్తి ఆనాటి గాజు పలకలకు లేదు, కానీ పెద్ద నక్షత్రాలు అప్పుడు ఎక్కడ ఉన్నాయన్నది అలాంటి పలకల వల్లే తెలుస్తుంది. 2000లో వెలువడిన టైకో-2 పట్టిక 25 లక్షల నక్షత్రాల కదలికలను లెక్కగట్టినప్పుడు, హిప్పార్కస్ ఉపగ్రహం చూసిన కొత్త స్థానాలను పోల్చుకున్నది ప్రధానంగా ఈ అంతర్జాతీయ పథకపు పాత స్థానాలతో. నక్షత్రపు కదలికను కొలవడానికి తెలివి ఒక్కటే చాలదు, మధ్యలో గడిచిన ఏళ్ళు కావాలి. బేగంపేటలో కొలబద్ద మీద కళ్ళు పెట్టి కూర్చున్నవారు ఆ ఏళ్ళను మన కోసం దాచిపెట్టారు. వారి గురించి మన ఊళ్ళో ఎవరూ మాట్లాడుకోకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇక జంటను జంట అని ఎలా నిర్ధారిస్తారన్న విషయానికి వస్తాను, ఎందుకంటే ఇక్కడ తొందరపడితే గీటురాయే నకిలీది అవుతుంది. లెక్క సులువైనదే. పార్సెక్‌లలో దూరాన్ని (ఒక పార్సెక్ అంటే దాదాపు 3.26 కాంతి సంవత్సరాలు) ఆర్క్ సెకన్లలో ఉన్న ఎడంతో గుణిస్తే, ఆకాశంలో కనిపించే మేరకు రెండింటి మధ్య దూరం ఖగోళ ప్రమాణాల్లో వస్తుంది. ఎప్సిలాన్ ఇండై అనే నక్షత్రం 3.63 పార్సెక్‌ల దూరంలో ఉంది, దాని తోడు 402 ఆర్క్ సెకన్ల ఎడంలో ఉంది. గుణిస్తే దాదాపు 1,460. అంత ఎడంలో తోడు తిరిగే వేగం సెకనుకు ఒక కిలోమీటరు కూడా ఉండదు. కానీ ఆ జంట మొత్తంగా మన ముందు నుంచి సెకనుకు ఎన్నో పదుల కిలోమీటర్ల వేగంతో సాగిపోతోంది. అందువల్లే దూరపు జంటలో రెండు చుక్కలూ, ఒకే బండికి కట్టిన ఎడ్లలాగా, ఒకే దిక్కుకు ఒకే వేగంతో కదులుతున్నట్టు కనిపిస్తాయి. 2003 జనవరిలో ఆ తోడును ప్రకటించినప్పుడు ఏడాదికి 4.7 ఆర్క్ సెకన్ల ఆ పెద్ద కదలికే దాన్ని పట్టి ఇచ్చింది. అదే ఏడాది ఆ తోడు కూడా రెండు బ్రౌన్ డ్వార్ఫ్‌లని తేలింది.

అయితే ఎడం పెరిగేకొద్దీ మోసమూ పెరుగుతుంది. 9 ఆర్క్ నిమిషాల (ఆర్క్ నిమిషమంటే 60 ఆర్క్ సెకన్లు) వ్యాసార్ధంతో వెతికితే, 1 ఆర్క్ నిమిషం వ్యాసార్ధంతో వెతికిన దానికి 81 రెట్ల వైశాల్యం చూస్తున్నట్టు. అందులో ఏ సంబంధమూ లేని చుక్క ఒకటి కాకతాళీయంగా అదే దిక్కుకు కదులుతూ ఉండే అవకాశమూ అన్ని రెట్లు పెరుగుతుంది. ఇది నాకు అనుభవం మీద తెలిసిన విషయం. ఐదేళ్ళ కిందట, వైజ్ ఉపగ్రహం పరారుణ కాంతిలో తీసిన బొమ్మలను రాత్రిపూట కంప్యూటరులో ఒకదాని తరువాత ఒకటి మార్చి చూస్తూ ఉండేదాన్ని. ఆ బొమ్మల్లో ఒక్కొక్క గడి (పిక్సెల్) 2.75 ఆర్క్ సెకన్లు. ఏడాదికి మూడో వంతు ఆర్క్ సెకను కదిలే నక్షత్రం పదేళ్ళకు ఒక గడి మాత్రమే జరుగుతుంది. మిగతా చుక్కలన్నీ అచ్చుగుద్దినట్టు నిలబడి ఉండగా, ఒకే ఒక్క చుక్క ఎడమ అంచు కాస్త వెలిగి కుడి అంచు కాస్త చీకటవుతుంది, అంతే. కళ్ళకు నీళ్ళు వచ్చేదాకా చూస్తే గానీ నమ్మకం కుదరదు.

అలా 60 కాంతి సంవత్సరాల దూరంలోని ఒక నక్షత్రానికి 9 ఆర్క్ నిమిషాల ఎడంలో ఒక ఎర్రని చుక్క నాకు దొరికింది. దిక్కు కలిసింది, వేగం ఇంచుమించు కలిసింది. దాదాపు 10 వేల ఖగోళ ప్రమాణాల ఎడం ఉన్న ఎల్ తరగతి తోడును కనుక్కున్నానని రెండు నెలలు నమ్మాను, ఇద్దరు మిత్రులకు చెప్పాను కూడా. ఆ తరువాతే దాని పరారుణ రంగులను బట్టి తరగతిని, తరగతిని బట్టి అసలు వెలుగును, కనిపించే వెలుగుతో పోల్చి దూరాన్ని వరుసగా లెక్కగట్టాను. 170 కాంతి సంవత్సరాలు వచ్చింది. నా చుక్క ఆ నక్షత్రానికి దాదాపు మూడింతల దూరంలో, దానితో ఏ సంబంధమూ లేకుండా ఉంది. కదలిక కలిసిందన్న సంతోషంలో మొదటి రోజే చేయవలసిన దూరం లెక్కను నేను వాయిదా వేశాను. అప్పటి నుంచి దిక్కు, వేగం, దూరం అనే మూడు సాక్ష్యాలూ విడివిడిగా కుదరకపోతే జంట అన్న మాట వాడకూడదని నియమం పెట్టుకున్నాను. పత్రాల్లో కూడా మూడోదాన్ని ఊహించుకుని వదిలేసిన చోట నేను ఆగిపోతాను.

దీనికి మరో వైపు కూడా ఉంది. భయపడి ఎడాన్ని మరీ కుదించుకుంటే, నిజమైన జంటలు కళ్ళ ముందే ఉండి జారిపోతాయి. 2011లో వైజ్ బొమ్మల్లో ఒక టి తరగతి మరుగుజ్జు ఒంటరిదిగా బయటపడింది. దానికి 594 ఆర్క్ సెకన్ల ఎడంలో, అంటే నిండు చంద్రుడి వెడల్పులో మూడో వంతు దూరంలో, పాత పట్టికల్లో ఎప్పటి నుంచో ఉన్న ఎల్ 34-26 అనే ఎర్ర నక్షత్రం ఉంది. ఆ రెండూ జంట అని గ్రహించడానికి 2021 దాకా పట్టింది. 10.9 పార్సెక్‌ల దూరంలో ఆ ఎడం దాదాపు 6,470 ఖగోళ ప్రమాణాలు. ఒక్క ప్రదక్షిణకు 10 లక్షల ఏళ్ళకు పైగా పడుతుంది. నక్షత్రపు వయసు తెలిసిన మరుక్షణం తోడు బరువూ తెలిసింది. గురుగ్రహానికి ఆరు రెట్లే. నిన్నటిదాకా ఒంటరి బ్రౌన్ డ్వార్ఫ్‌గా లెక్కలో ఉన్నది, కోకోనట్స్-2బి అనే పేరుతో గ్రహాల జాబితాలోకి వచ్చింది. ఆ పదేళ్ళలో దానిలో ఏ మార్పూ లేదు, మారిందల్లా దాని తోడు ఎవరో మనకు తెలియడమే.

నా వాదనకు రెండు అభ్యంతరాలు చెబుతారు. పెద్ద నక్షత్రం వయసు మాత్రం కచ్చితంగా తెలుసా అన్నది మొదటిది. న్యాయమైన ప్రశ్నే. గ్లీజె 570 వయసు 200 కోట్ల నుంచి 500 కోట్ల ఏళ్ళ మధ్య ఉండవచ్చని ఒక అంచనా, అదేమీ గొప్ప కచ్చితత్వం కాదు. కానీ దీనికి మందు మరిన్ని జంటలు, రకరకాల పెద్ద నక్షత్రాలతో ఉన్న జంటలు. ముఖ్యంగా శ్వేత కుబ్జ తారలకు తోడుగా ఉన్నవి చాలా విలువైనవి, ఎందుకంటే శ్వేత కుబ్జం చల్లబడే తీరు మనకు బాగా తెలుసు, దానిలో గడియారం దాగి ఉన్నట్టే. 2011లో స్పిట్జర్ అనే అంతరిక్ష పరారుణ దూరదర్శిని బొమ్మల్లో డబ్ల్యూడీ 0806-661 అనే శ్వేత కుబ్జానికి 2,500 ఖగోళ ప్రమాణాల ఎడంలో ఒక తోడు దొరికింది. దాని ఉష్ణోగ్రత 325 నుంచి 350 కెల్విన్ దాకా ఉంటుందని అంచనా. మన లెక్కలో చెప్పాలంటే, ఆ ఉష్ణోగ్రతలు తక్కువ వైపు రెంటచింతల ఎండను కాస్త దాటి, ఎక్కువ వైపు గ్లాసులో పోసిన వేడి టీ దగ్గర ఆగుతాయి. దాదాపు 200 కోట్ల ఏళ్ళ వయసు శ్వేత కుబ్జం చెప్పింది కనుకనే, తోడు బరువు గురుగ్రహానికి ఆరు నుంచి తొమ్మిది రెట్లని చెప్పగలిగారు. ఆ శ్వేత కుబ్జం పక్కన లేకపోతే అంత చల్లని గోళం గురించి ఈ వాక్యం రాయడం ఎవరి తరమూ కాదు.

రెండో అభ్యంతరం, దూరపు జంటలు మామూలువి కావని. అంత ఎడంలో ఉన్న జంటను కట్టి ఉంచే గురుత్వం చాలా బలహీనం. పక్క నుంచి వెళ్ళే నక్షత్రమో, పెద్ద వాయుమేఘమో దాన్ని విడదీయగలదు. అందువల్ల ఇవాళ మిగిలి ఉన్నవాటిని చూసి అన్ని అతిశీతల మరుగుజ్జులూ ఇలాగే పుడతాయని చెప్పలేం. దీన్ని ఒప్పుకుంటాను. జనాభా లెక్కలకు దూరపు జంటలు పనికిరావు. కానీ ఎలా పుట్టినా, ఒకే బరువూ ఒకే మూలకాల పాళ్ళూ ఉన్న రెండు గోళాలు ఒకే తీరున చల్లబడతాయి. మీథేన్ ఏ వేడి దగ్గర కనిపిస్తుంది, మేఘాలు ఎప్పుడు కిందికి దిగిపోతాయి, లోహాల పాళ్ళు తగ్గితే రంగు ఎలా మారుతుంది అన్న ప్రశ్నలకు గోళం ఏ ఇంట పుట్టిందన్నది అడ్డురాదు. గీటురాయి దేశంలోని రాళ్ళన్నింటికీ ప్రతినిధి కానక్కరలేదు.

ఇప్పుడీ మాట గట్టిగా చెప్పడానికి కారణముంది. నక్షత్రాల స్థానాలను, దూరాలను కొలిచిన గాయా ఉపగ్రహం వల్ల పెద్ద నక్షత్రాల వైపు పని మన తాతలు ఊహించనంతగా పూర్తయింది. దాని కొలతల్లోంచి 2021లో ఒక్క పట్టికలోనే 13 లక్షల జంటలను ఏరారు. కానీ గాయా చూసింది కంటికి కనిపించే వెలుగులో. టి, వై తరగతుల తోడులు ఆ వెలుగులో దాదాపు కనిపించవు. వాటి దూరాలను కొలిచిన స్పిట్జర్ 2020 జనవరిలో ఆగిపోయింది, వైజ్ 2024 ఆగస్టులో మూతపడింది. అంటే ఒక కన్ను ఎన్నడూ లేనంత చురుగ్గా ఉన్న సమయంలో రెండో కన్ను మూసుకుపోయింది. చిలీలో మొదలైన రూబిన్ పరిశోధనశాల పదేళ్ళ పాటు ఆకాశాన్ని మళ్ళీ మళ్ళీ చూస్తుంది కనుక ఎల్ తరగతి దాకా కొంత మేలు జరుగుతుంది. అంతకన్నా చల్లనివాటి దూరాలను నేల మీది పరారుణ కెమెరాలతో, ఏళ్ళ తరబడి, ఓపికగా కొలవాలి. నైనిటాల్ దగ్గర దేవస్థల్‌లో 3.6 మీటర్ల దూరదర్శిని, లద్దాఖ్‌లోని హాన్లేలో 2 మీటర్ల దూరదర్శిని పరారుణ పరికరాలతో మన దేశంలోనే ఉన్నాయి. ఒక్కొక్క జంట మీద ఏడాదికి కొన్ని రాత్రుల చొప్పున కేటాయిస్తే, దగ్గరి తోడుల వర్ణపటాలను ఇక్కడే తీయవచ్చు. ఇలాంటి పనికి పెద్ద ప్రకటనలు రావు, పత్రికల్లో శీర్షికలు రావు. అందుకే సమయం అడిగేటప్పుడు దీన్ని చివరి వరుసలో నిలబెడతారు. అది తప్పని ఎవరితోనైనా వాదించడానికి సిద్ధంగా ఉన్నాను.

ఆ రోజు ప్రశ్న అడిగిన అమ్మాయి, మరో ఇద్దరు విద్యార్థులు ఇప్పుడు శనివారం సాయంత్రాలు నాతో కూర్చుంటున్నారు. దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల మధ్య ఉన్న ఆ పాత హైదరాబాదు పట్టీలో, 25 పార్సెక్‌ల లోపల ఉన్న నక్షత్రాల జాబితాను గాయా పట్టిక నుంచి తీసుకుని, ఒక్కొక్కదాని చుట్టూ వైజ్ బొమ్మలను మార్చి చూస్తున్నాం. కొత్తది ఇంకా ఏదీ దొరకలేదు. మా కళ్ళను పరీక్షించుకోవడానికి, ఎక్కడ ఉందో వాళ్ళకు చెప్పకుండా, మొదట గ్లీజె 570 చుట్టూ ఉన్న బొమ్మలు ఇచ్చాను. పెద్ద నక్షత్రానికి 258 ఆర్క్ సెకన్ల ఎడంలో, మిగతా చుక్కలన్నీ కదలకుండా ఉండగా, ఒక చిన్న చుక్క దానితోపాటే ఆగ్నేయానికి జరుగుతోంది. పద్నాలుగేళ్ళలో పది గడులు. ఆ అమ్మాయి తెర మీద దాని పక్కన పెన్సిలు ఆనించి, ముందుకీ వెనక్కీ మూడుసార్లు మార్చి చూసి, "దూరం కూడా లెక్కపెడదాం మేడమ్, అప్పుడే చెబుతాను," అంది.